వలస పక్షుల వెంట ఒక జీవితం – డాక్టర్ సలీం అలీ మర్హూం (1896–1987)

మన సంఘం వార్షిక సంచికలో ఒక పెద్దమనిషి జీవితం వేసుకోవడం ఆనవాయితీగా వస్తున్నది. రాజులను గురించి, ఔలియాలను గురించి, స్వాతంత్ర్య యోధులను గురించి, షాయర్లను గురించి చెప్పేవారు మనకు చాలామంది ఉన్నారు. ఈసారి మేము ఒక పక్షుల మనిషిని ఎంచుకున్నాము. ఈ సంచికలో పక్షుల మాట దేనికి అని కొందరు పెద్దలు అనుకోవచ్చును. ఖురాన్ షరీఫ్‌లోనే ఆకాశంలో రెక్కలు చాపి ఎగిరే పక్షులను చూసి ఆలోచించమని మనిషికి ఆదేశం ఉన్నది. హజ్రత్ సులేమాన్ అలైహిస్సలాం వారి హుద్‌హుద్ కథ మన ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదీగాక, ఈ జీవితం చివరిదాకా చదివితే, అది మన పిల్లల చదువుకూ మన సంఘం చేసే పనికీ ఎంత దగ్గరిదో తెలుస్తుందని మా నమ్మకం.

శీతాకాలపు అతిథులు

మొదట ఒక పక్షి సంగతి చెప్పుకుందాం. ప్రతి ఏడూ చలికాలం మొదలయ్యే రోజుల్లో మన దేశంలోని చెరువుల మీదికి, నదుల ఇసుక తిన్నెల మీదికి ఉత్తరాది నుండి గుంపులు గుంపులుగా నీటిపక్షులు దిగుతాయి. వాటిలో ఒకటి బూడిదరంగు అడవి బాతు. తెల్లని తల, తల వెనుక రెండు నల్లని పట్టీలు, పసుపు ముక్కు, పసుపు కాళ్లు. ఉర్దూలో ఈ జాతిని ఖాజ్ అంటారు, హిందీలో హంస అంటారు. తెలుగులో దీన్ని పట్టీతల బాతు అని పిలుచుకుందాం. బరువు రెండు, మూడు కిలోలు ఉంటుంది. మన వైపు మంజీరా మీద, పులికాట్ ప్రాంతంలో కూడా ఇవి కనిపిస్తాయి. కర్ణాటక, తమిళనాడు చెరువుల దాకా పోతాయి. పగలు ఇసుక తిన్నెల మీద, నీటి ఒడ్డున కునికిపాట్లు పడుతూ ఉంటాయి. చీకటి పడ్డాక పొలాల్లో దిగి గడ్డి, గోధుమ, శనగ మొలకలు మేస్తాయి. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి మళ్లీ ఉత్తరానికి బయలుదేరుతాయి.

ఎక్కడికి పోతాయి? లదాఖ్‌లోని సరస్సులు, టిబెట్, చైనాలోని ఛింఘాయ్ సరస్సు, మంగోలియా, కిర్గిజిస్తాన్ – ఇవే వాటి పుట్టిళ్లు. అంటే దారిలో హిమాలయాలు అడ్డం ఉన్నాయన్నమాట. ఆ గోడ దాటి వచ్చే పక్షులు అనేకం ఉన్నాయి గాని, ఇంత బరువైన శరీరం మోసుకుంటూ రెక్కలు ఆడించుకుంటూనే దాటేది ఈ బాతు. కాళిదాసు మేఘసందేశంలో హంసలు మానస సరోవరం వైపు పోతూ ఉంటాయి. అది ఉత్త కవి కల్పన కాదు. మానస సరోవరం, దాని పక్కనున్న రాక్షస సరస్సుల ఒడ్డున ఈ బాతులు నిజంగానే గూళ్లు పెడతాయి.

ఇవి ఎక్కడినుండి వస్తాయి, ఎందుకు వస్తాయి, మళ్లీ అదే చెరువుకు ఎట్లా తిరిగి వస్తాయి – ఈ ప్రశ్నలను మన దేశంలో పద్ధతిగా పట్టుకుని, వాటి కాళ్లకు కడియాలు తొడిగించి, జవాబులు రాబట్టించిన మనిషే డాక్టర్ సలీం అలీ గారు.

యతీం పిల్లవాడు

సలీం మోయిజుద్దీన్ అబ్దుల్ అలీ గారు 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. సులేమానీ బోహ్రా కుటుంబం. తోబుట్టువులందరిలో చిన్నవారు. ఏడాది వయసులో తండ్రి పోయారు, మూడేళ్ల వయసులో తల్లి జీనతున్నీసా గారు పోయారు. ఆ పిల్లలందరినీ మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ గారు, ఆయన భార్య హమీదా బేగం గారు తమ ఇంటికి తెచ్చుకున్నారు. ఆ దంపతులకు సంతానం లేదు. బొంబాయిలోని ఖేత్‌వాడీలో ఆ ఇంట్లోనే సలీం పెరిగారు. తయ్యబ్జీల వంశం అంటే తెలియనివారు ఉండరు. కాంగ్రెసు మహాసభకు 1887లో అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ తయ్యబ్జీ గారు, గాంధీజీ వెంట నడిచిన అబ్బాస్ తయ్యబ్జీ గారు ఆ వంశం వారే.

మేనమామకు వేట అంటే ఇష్టం. మేనల్లునికి కూడా ఒక చిన్న గాలి తుపాకీ ఇచ్చారు. ఒకనాడు ఆ పిల్లవాడు ఒక పిచ్చుకను కొట్టాడు. తీరా చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉన్నది. మామూలు ఊరపిచ్చుకకు అట్లా ఉండదు. ఇది ఏ రకం పిట్ట, ముసల్మాను తినదగినదేనా అని పిల్లవానికి సందేహం వచ్చి మేనమామ దగ్గరికి తీసుకుపోయాడు. మేనమామకూ తెలియలేదు. ఇటువంటప్పుడు మనలో చాలామంది ఏం చేస్తారు? పోయి చదువుకో, పిట్టల గోల నీకెందుకు అని కసురుతారు. అమీరుద్దీన్ గారు అట్లా చేయలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిలార్డ్ దొర పేరిట ఒక చీటీ రాసి ఇచ్చి పిల్లవాణ్ణి పంపించారు. ఆ సొసైటీ 1883లో ఏర్పడినది. మిలార్డ్ దొర ఆ పిట్ట పేరు చెప్పి, అద్దాల పెట్టెల్లో భద్రపరిచిన వందలాది పక్షులను ఒక్కొక్కటే చూపించి, పుస్తకాలిచ్చి, చర్మం ఒలిచి భద్రపరిచే పద్ధతి నేర్పించే ఏర్పాటు చేశారు. ఒక యతీం పిల్లవాని భవిష్యత్తు ఆ చీటీ ముక్కతో తిరిగిపోయింది.

బాతుల సంగతి చెప్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. బాతుపిల్ల గుడ్డులోంచి బయటపడిన ఒకటి రెండు రోజుల్లోనే గూడు వదిలి తల్లిదండ్రుల వెంట నీళ్లలోకి నడుస్తుంది. తిండి తానే వెతుక్కుంటుంది. అయినా తల్లిదండ్రులు దానిని వదలవు. మొదటి చలికాలం అంతా కుటుంబం కలిసే ఉంటుంది. ఏ కనుమలోంచి దాటాలి, ఏ చెరువు మీద దిగాలి అన్నది పిల్ల ఆ మొదటి ప్రయాణంలో పెద్దల వెంట ఎగిరి నేర్చుకుంటుంది. దారి చూపే పెద్ద లేకపోతే దారే లేదు. సలీంకు తల్లిదండ్రులు లేరు. కాని దారి చూపే పెద్దలు దొరికారు.

పట్టా లేని పండితుడు

చదువులో సలీం అలీ గారు గొప్ప విద్యార్థి కారు. లెక్కలంటే భయం. పదమూడేళ్ల ప్రాయంలో తీవ్రమైన తలనొప్పి పట్టుకుని బడి మానేయవలసి వచ్చింది. గాలి మార్పు కోసం సింధ్‌కు బంధువుల ఇంటికి పంపారు. తిరిగి వచ్చి 1913లో ఎట్లాగో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరారు గాని మొదటి ఏడు దాటాక నిలవలేదు. బర్మాలోని టావోయ్‌లో కుటుంబానికి ఉన్న గనుల పనీ, కలప వ్యాపారమూ చూడటానికి పోయారు. అక్కడి అడవుల్లో వ్యాపారం కంటే పక్షుల వెంట తిరగడమే ఎక్కువైంది. 1917లో బొంబాయికి తిరిగి వచ్చి వాణిజ్యం చదువుతుండగా, సెయింట్ జేవియర్స్‌లోని ఫాదర్ బ్లాటర్ ఈయన ఆసక్తి కనిపెట్టి జంతుశాస్త్రం వైపు మళ్లించారు. 1918లో తెహ్‌మినా బేగం గారితో వివాహమైంది.

ప్రభుత్వ జువాలజికల్ సర్వేలో పక్షి శాస్త్రజ్ఞుని ఉద్యోగం ఉందంటే అర్జీ పెట్టుకున్నారు. యూనివర్సిటీ పట్టా లేదన్న కారణంతో రాలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, వచ్చినవారికి పక్షులను, జంతువులను చూపించి వివరించే గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 350 రూపాయలు. రెండేళ్లు చేశాక, తాను చెప్పేది తనకే పూర్తిగా రాదని గ్రహించి సెలవు పెట్టి 1928లో జర్మనీ పోయారు.

బెర్లిన్ మ్యూజియంలో ప్రొఫెసర్ స్ట్రెసెమన్ గారు ఈయనను శిష్యునిగా స్వీకరించారు. జీవితాంతం సలీం అలీ గారు ఆయననే తన ఉస్తాద్‌గా చెప్పుకున్నారు. అక్కడే ఆస్కర్ హైన్‌రోట్ గారి పరిచయం కలిగింది. ఈ హైన్‌రోట్ గారు బాతుల నడవడిని దగ్గరుండి చూసిన మనిషి. గుడ్డులోంచి వచ్చిన బాతుపిల్ల మొట్టమొదట ఏ కదిలే ప్రాణిని చూస్తుందో దాన్నే తల్లిగా భావించి వెంట పడుతుందని ఆయన 1910 ప్రాంతంలోనే వివరించారు. తరువాత కోన్రాడ్ లోరెంజ్ గారు అదే విషయాన్ని ప్రపంచమంతటా ప్రసిద్ధం చేశారు. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ ద్వీపంలో వలస పక్షులను వలల్లో పట్టి, కాలికి నంబరు ఉన్న తేలికపాటి లోహపు కడియం తొడిగి వదిలే కేంద్రం ఉన్నది. సలీం అలీ గారు ఆ పని కూడా నేర్చుకున్నారు. మూడు దశాబ్దాల తరువాత ఆ విద్యే మన దేశానికి అక్కరకు వచ్చింది.

1930లో ఇంటికి తిరిగి వస్తే ఏమైంది? మ్యూజియంలో డబ్బు లేదని ఆ ఉద్యోగమే తీసేశారు. ముప్పయి మూడేళ్ల వయసు, చేతిలో జర్మనీ విద్య, నెల తిరిగితే జీతం లేదు. మరొకరైతే పక్షులకు సలాం చెప్పి ఏదో ఒక దుకాణంలో లెక్కలు రాసుకునేవారు. తెహ్‌మినా బేగం గారు అట్లా కానివ్వలేదు. ఇద్దరూ బొంబాయి దగ్గర సముద్రపు ఒడ్డునున్న కిహీం గ్రామానికి మకాం మార్చారు. ఇంటి దగ్గరి చెట్ల మీద గిజిగాళ్లు గూళ్లు అల్లుతుంటే నెలల తరబడి ఓపికగా చూశారు. మగ గిజిగాడు సగం గూడు అల్లి నిలుపుతాడు. ఆడపిట్టలు వచ్చి పరీక్ష చేస్తాయి. ఒకటి ఇష్టపడి చేరితే గూడు పూర్తి చేసి, మరో ఆడపిట్ట కోసం రెండో గూడు మొదలుపెడతాడు. మన పల్లెల్లో తరతరాలుగా అందరి కళ్లముందూ జరుగుతున్న ఈ సంగతిని శాస్త్రానికి అందించినది ఆ నిరుద్యోగి.

నిజాం రాజ్యంలో

ఇక్కడే మన గడ్డతో ఆయనకు ముడిపడింది. అప్పటి సంస్థానాల్లో ఏ పక్షులున్నాయో సరిగ్గా లెక్క లేదు. ఖర్చులు మాత్రం ఇస్తే చాలు, జీతం వద్దు, మీ రాజ్యంలోని పక్షులన్నీ నేను పరిశీలించి రాస్తాను అన్నది ఆయన పద్ధతి. మొట్టమొదట ఒప్పుకున్న రాజ్యాలలో హైదరాబాదు ఒకటి. 1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో ఆయన హైదరాబాదు రాజ్యమంతా తిరిగారు. ఆ పరిశీలన 1933 నుండి సొసైటీ పత్రికలో వరుసగా అచ్చయింది. పంజాబులో పోలీసు అధికారిగా పనిచేసిన హ్యూ విస్లర్ దొర దానికి నోట్సు రాశారు. ఆ విస్లర్ దొరకు మొదట్లో సలీం అలీ గారి మీద కోపం. తన వ్యాసంలో తప్పులున్నాయని ఈ కుర్రవాడు ఎత్తి చూపాడని. తీరా పరిశీలిస్తే కుర్రవాడే సరి. తరువాత ఇద్దరూ ఆప్తులైనారు.

హైదరాబాదు తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్ మొదలైన సంస్థానాలు తిరిగారు. తెహ్‌మినా బేగం గారు డేరాల్లో, ఎడ్లబండ్ల మీద ఆయన వెంట ఉండేవారు. ఆయన రాసినదానిని చక్కదిద్దేవారు కూడా ఆమే. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తరువాత ఆమె అకస్మాత్తుగా కాలం చేశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. ఆయన మళ్లీ వివాహం చేసుకోలేదు. అటు తరువాత సోదరి కమ్మూ గారి కుటుంబంతోనే ఉండిపోయారు. 1941లో ఆయన పక్షుల పుస్తకం వెలువడింది. దాన్ని జవహర్‌లాల్ నెహ్రూ గారు, ఆయన కుమార్తె ఇందిర గారు చదివి ఇష్టపడ్డారు. 1945లో కైలాస, మానస సరోవర ప్రాంతాలకు కాలినడకన పోయి, అక్కడి పక్షుల గురించి రాశారు. భక్తులు ముక్తి కోసం పోయే చోటికి ఆయన పక్షుల కోసం పోయారు.

కడియం చెప్పిన కథ

స్వాతంత్ర్యం వచ్చాక దొరలు వెళ్లిపోయారు. వారితో నడిచిన నేచురల్ హిస్టరీ సొసైటీ మూతపడే స్థితికి వచ్చింది. సలీం అలీ గారు దాని భారం మీద వేసుకుని, నెహ్రూ గారికి రాసి సహాయం తెప్పించి నిలబెట్టారు.

1957లో మైసూరు రాష్ట్రం షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో ఒక కొత్త జ్వరం బయటపడింది. కోతులు చచ్చిపోయేవి, మనుషులూ చచ్చిపోయేవారు. పిడుదుల ద్వారా వ్యాపించే ఆ వైరస్ సైబీరియా వైపు కనిపించే జబ్బుల వైరస్‌కు దగ్గరిదని డాక్టర్లు గుర్తించారు. అక్కడినుండి వలస పక్షులు పిడుదులను మోసుకొస్తున్నాయేమో అని అనుమానం. పక్షులు ఎక్కడినుండి ఎక్కడికి పోతాయో తెలిస్తేగదా జవాబు చెప్పేది! ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో 1959లో సొసైటీ పెద్ద ఎత్తున కడియాలు తొడిగే పని మొదలుపెట్టింది. భరత్‌పూర్ ముఖ్య కేంద్రాలలో ఒకటి. వలలు పన్ని పట్టడం, కొలవడం, తూచడం, పిడుదులు వెతికి తీయడం, కడియం వేసి వదలడం. కడియం మీద నంబరు, దొరికినవారు బొంబాయి సొసైటీకి కబురు చేయమని రెండు ముక్కలు.

ఆ కబుర్లు రావడం మొదలైంది. భరత్‌పూర్‌లో కడియం వేసిన నీటిపక్షులు సోవియట్ మధ్య ఆసియాలో, సైబీరియాలో దొరికాయి. మన చెరువు పక్షికి అక్కడ ఇల్లు ఉన్నదని కాగితం మీద రుజువైంది. ఆ జ్వరాన్ని మాత్రం సైబీరియా నుండి పక్షులే తెచ్చాయన్నదానికి రుజువు దొరకలేదు. అది ఇక్కడి అడవి జబ్బేనని తేలింది. పక్షుల మీద పడిన నింద పోయింది.

నింద ఆయన మీద కూడా పడింది. ఈ పనికి అమెరికా సైన్యానికి సంబంధించిన ఒక విభాగం నుండి కూడా డబ్బు అందినందువల్ల, 1970లలో పత్రికల్లోనూ పార్లమెంటులోనూ గట్టి విమర్శ చెలరేగింది. రోగాల యుద్ధానికి ఇది తోడ్పాటేమోనన్న మాట కూడా వచ్చింది. వయసు డెబ్బయి దాటిన మనిషికి అది బాధ కలిగించింది. ఆ పనిలో తప్పేమీ లేదని ఆయన గట్టిగా నిలబడ్డారు. విదేశీ డబ్బుతో నడిచే పనికి ఎన్ని జాగ్రత్తలు కావాలో ఈ సంగతి వల్ల దేశానికి తెలిసివచ్చింది.

ఈ పరిశోధన ఎంత ముందుచూపుతో మొదలైందో 2005లో అర్థమైంది. ఛింఘాయ్ సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూ సోకి ఆరువేలకు పైగా అడవి పక్షులు చచ్చిపోయాయి. అందులో చాలాభాగం పట్టీతల బాతులే. ఆ బాతులు ఏ దారిన ఎక్కడికి పోతాయన్న ప్రశ్న మళ్లీ ప్రపంచానికి అత్యవసరమైంది. ఈమధ్య కాలంలో కడియాలకు తోడు మెడపట్టీలు, ఉపగ్రహాలతో మాట్లాడే చిన్న యంత్రాలు వచ్చాయి. మంగోలియాలో మెడపట్టీ వేసిన బాతులు కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. ఇవి ఎవరెస్టు మీదుగా పోతాయని వెనుకటినుండి చెప్పుకునేవారు. 2011, 2013లలో వెలువడిన పరిశోధనల ప్రకారం సాధారణంగా అవి కనుమల వెంబడి 6,000 మీటర్ల లోపే దాటుతాయి. అత్యధికంగా ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తున నమోదైంది. సముద్రమట్టానికి దగ్గరి నేల నుండి లేచి ఏడెనిమిది గంటల్లో ఆ ఎక్కుడంతా ఎక్కుతాయి. రాత్రిపూట, తెల్లవారుజామున, గాలి చల్లగా చిక్కగా ఉన్నప్పుడు బయలుదేరుతాయి. వెనుక నుండి తోసే గాలి కోసం కాచుకోవు. వాటి రక్తం పలుచని గాలిలోనుండి కూడా ప్రాణవాయువును గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తులు పెద్దవి. సుబ్‌హానల్లాహ్! రెండు మూడు కిలోల ప్రాణిలో అల్లాహ్ ఎంత ఏర్పాటు చేసిపెట్టాడో చూడండి.

భరత్‌పూర్ సంగతి

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలు రాజుల వేటస్థలం. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో దొర పరివారం ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చారు. ఆ లెక్క అక్కడ రాతి మీద చెక్కి ఉన్నది. స్వాతంత్ర్యం తరువాత ఆ నీళ్లు తీసేసి సేద్యం చేసుకుంటామని చుట్టుపక్కలవారు కోరారు. సలీం అలీ గారు నెహ్రూ గారి దాకా పోయి ఆపించారు. 1956లో అది పక్షుల రక్షణ కేంద్రమైంది. తరువాత కేవలాదేవ్ జాతీయ పార్కు అయింది. 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఈ కథలో ఒక చేదు ముక్క కూడా ఉన్నది. మహనీయుల జీవితంలో తీపి మాత్రమే చెప్పి చేదు దాచడం మాకు ఇష్టం లేదు. పార్కులో పశువుల మేత ఆపాలని ఆయన, ఇతర నిపుణులు కోరారు. 1982లో నిషేధం వచ్చింది. తరతరాలుగా బర్రెలు తోలుకుపోయే పల్లెవాసులు ఎదురుతిరిగారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. తరువాత ఏమైంది? బర్రెలు లేకపోయేసరికి గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పేసింది. పొట్టి గడ్డి మేసే బాతులకూ, తెరిపి నీళ్లు కావలసిన పక్షులకూ చోటు తగ్గింది. ఈ సంగతి బయటపెట్టినది ఎవరో కాదు, ఆయన నిలబెట్టిన సొసైటీ వారే. పదేళ్లు అక్కడే ఉండి లెక్కలు తీసి, బర్రెల మేత వల్ల మేలే జరిగేదని 1991లో నివేదిక ఇచ్చారు. అప్పటికి ఆయన లేరు. పెద్దాయన అభిప్రాయమని మొహమాటపడి నిజాన్ని దాచని సంస్థను తయారుచేసి వెళ్లడం కూడా ఆయన గొప్పతనమే అని మేము అనుకుంటాము. కాని ఆ పల్లెల్లో పోయిన ప్రాణాలు తిరిగిరావు. బీదవారి బతుకుతో ముడిపడిన ఏ నిర్ణయమైనా వారిని అడిగి చేయాలన్న పాఠం అందులో ఉన్నది.

భరత్‌పూర్‌కు సైబీరియా కొంగలు కూడా వచ్చేవి. ఏటేటా తగ్గిపోతూ, చివరి జంట 2002లో కనిపించి, మళ్లీ రాలేదు. దారి తెలిసిన పెద్దలు లేకపోతే ఆ దారే మూసుకుపోతుంది.

చివరి రోజులు

అమెరికా పండితుడు డిల్లన్ రిప్లీ గారితో కలిసి సలీం అలీ గారు రాసిన భారత, పాకిస్తాన్ పక్షుల గ్రంథం పది సంపుటాలు 1968 నుండి 1974 లోపల వెలువడ్డాయి. చివరి సంపుటం నాటికి ఆయనకు డెబ్బయి ఏడేళ్లు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. పట్టా లేదని ఉద్యోగం పోగొట్టుకున్న మనిషికి 1958లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, 1973లో ఢిల్లీ యూనివర్సిటీ, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటులు ఇచ్చాయి. విదేశాల నుండి వచ్చిన గెట్టీ బహుమతి సొమ్మును తాను ఉంచుకోక పక్షుల రక్షణ నిధికి ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడు తన ఆత్మకథ ప్రకటించి, చిన్ననాటి ఆ పిచ్చుక పేరుతోనే దానికి పేరు పెట్టుకున్నారు.

1986లో మన కడప జిల్లా నుండి ఒక శుభవార్త వచ్చింది. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న కలివి కోడి, సొసైటీ పరిశోధకుని వెతుకులాటలో, స్థానికుల సాయంతో మళ్లీ దొరికింది. ఆయన బతికి ఉండగానే ఆ కబురు అందింది. 1987 జూన్ 20న, తొంభై ఏళ్ల వయసులో, బొంబాయిలో కన్నుమూశారు. 1990లో కోయంబత్తూరులో ఆయన పేరిట పక్షి శాస్త్ర కేంద్రం వెలసింది.

సంఘం పెద్దలకు మనవి

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. మన సంఘం ప్రతి ఏడూ బీద పిల్లలకు, యతీం పిల్లలకు వజీఫాలు ఇస్తున్నది. ఎంతో పుణ్యకార్యం. అర్హత మాత్రం మార్కులను బట్టి చూస్తున్నాము. ఈ లెక్కన ఆలోచించండి. లెక్కల్లో వెనుకబడి, తలనొప్పితో బడి మానేసి, కాలేజీ మధ్యలో వదిలేసిన ఒక యతీం పిల్లవాడు మన దగ్గరికి అర్జీ పెట్టుకుంటే మనం ఇచ్చేవాళ్లమా? సలీం అలీ మన జాబితాలో ఉండేవాడే కాదు.

ఉపాధ్యాయులుగా మేము రోజూ చూస్తుంటాం. తరగతిలో వెనుక వరుసలో కూర్చునే పిల్లల్లో ఒకడికి రేడియో విప్పి బిగించడం వచ్చు. ఒక అమ్మాయి ఏ ఆకు ఏ మొక్కదో చటుక్కున చెప్తుంది. అరబ్బు దేశం పోయి నాలుగు డబ్బులు సంపాదిస్తే చాలదా, ఇవన్నీ దేనికి అని ఇళ్లల్లో అంటారు. తల్లిదండ్రుల కష్టం మాకు తెలుసు, వారిని తప్పు పట్టము. కాని ప్రతి పిల్లవాడికీ ఒక అమీరుద్దీన్ మాము కావాలి. తనకు తెలియని ప్రశ్నను కసరకుండా, తెలిసినవారి దగ్గరికి చీటీ రాసి పంపే పెద్ద కావాలి. ఆ పని ఇంట్లో కాకపోతే సంఘమే చేయాలి.

కాబట్టి మా మనవి మూడు ముక్కలు. వజీఫాలలో కనీసం రెండు, మార్కులతో నిమిత్తం లేకుండా, ఏదైనా ఒక విద్య మీద పట్టుదల చూపే పిల్లలకు కేటాయించాలి. అందులో ఒకటి ఆడపిల్లకు. మన రీడింగ్ రూములో పక్షుల మీద, మొక్కల మీద, నక్షత్రాల మీద ఉర్దూ, తెలుగు పుస్తకాలు, వాటితోపాటు ఒక దుర్భిణీ ఉంచాలి. చలికాలంలో ఒక ఆదివారం పిల్లలను దగ్గరి చెరువుకు తీసుకుపోయి, ఏ పక్షి వచ్చిందో తేదీ వేసి నోటుపుస్తకంలో రాయించాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. చెరువు పూడ్చి ఇళ్ల స్థలాలు కాకముందే ఈ పని జరగాలి. బాతులు ఏటా తమ చెరువును గుర్తుపెట్టుకుని వస్తాయి. వచ్చేసరికి నీళ్లుండాలి కదా.

సలీం అలీ గారు నమాజు రోజాల్లో పేరు పొందినవారు కారు. ఆ సంగతి ఆయన దాచుకోనూ లేదు. ఆ లెక్క ఆయనకూ అల్లాహ్‌కూ మధ్య ఉన్నది. అల్లాహ్ సృష్టిని తొంభై ఏళ్లపాటు కన్నార్పకుండా చూసి, చూసినది చూసినట్టు రాసి, ముందుతరాల చేతిలో పెట్టి వెళ్లారు. ఆ చూపు మన పిల్లలకు కూడా కలుగుగాక. అల్లాహ్ మర్హూం గారికి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.